హార్డు డిస్కులో హద్దులు: వానిని జరుపు విద్య

తిరుపతి జిల్లాలో, తమిళనాడు పొలిమేరకు చేరువగా, సత్యవేడు, వరదయ్యపాళెం మండలముల నేలపై 2008లో శ్రీ సిటీ పారిశ్రామిక నగరమునకు అంకురార్పణ జరిగెను. నాడది చిత్తూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడగా అందులో చేరినది. అచ్చటి నేల ఒక్కటే గాని దాని వినియోగము పలువిధములు. ఎగుమతుల పరిశ్రమలకు ప్రత్యేక ఆర్థిక మండలి ఒకటి, దేశీయ వ్యాపారమునకు వేరొకటి. 2013లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ విద్యాసంస్థ కూడ అక్కడనే కలదు. కంప్యూటరులోని హార్డు డిస్కును కూడ ఈ రీతిగనే విభజింతురు. డిస్కు ఒక్కటే, అందు ఒక భాగము యంత్రమును నడపు వ్యవస్థకు, వేరొక భాగము మన పాఠములకు, లెక్కలకు, బొమ్మలకు. ఈ భాగములనే పార్టిషన్లు అందురు.

హార్డు డిస్కు 1956లో పుట్టినది. ఐబీఎం సంస్థ నిర్మించిన ఆ తొలి యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల పళ్లెములు 50 ఉండెను. అన్నియు కలిసి ఇముడ్చుకొన్నవి 50 లక్షల అక్షరములు మాత్రమే. బల్లమీది కంప్యూటరులకు హార్డు డిస్కు అలవడినది 1983లో. ఆ ఏడాది మార్చిలో వెలువడిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో సుమారు ఒక కోటి బైట్ల డిస్కు ఉండెను. దానితోబాటు వచ్చిన డాస్ 2.0లో ఎఫ్‌డిస్క్ అను పనిముట్టు కూడ చేరినది. డిస్కును పంచుటకు యంత్రముతోనే వచ్చిన సాధనములలో ఇది తొలినాటిది.

ఆ పంపకము ఎట్లు జరుగును? డిస్కులోని మొట్టమొదటి సెక్టారు పొడవు 512 బైట్లు. అందు 64 బైట్లలో ఒక చిన్న పట్టిక ఉండును. పట్టికలో నాలుగు వరుసలు. ఒక్కొక్క వరుసలో ఆ భాగము ఎచ్చట మొదలగునో, ఎన్ని సెక్టారులు సాగునో వ్రాసి ఉండును. అనగా డిస్కులో నిజమైన గోడలేవియు లేవు. హద్దు కేవలము ఒక అంకె.

అంకెను దిద్దుట సులభమే గదా, మరి హద్దును జరుపుట ఎందుకు కష్టమైనది? చిత్తూరు సీమ రైతు ఒకడు తన వేరుశెనగ చేనులో కొంత ప్రక్కవానికి అమ్మినాడనుకొందము. ముందు ఆ భాగములోని పంటను పెరికి ఇంటికి చేర్చవలెను. పిదపనే హద్దురాయిని జరుపవలెను. రాయి ముందు కదిలినచో పంట పరుల పాలగును. ప్రక్క చేనును కొన్నప్పుడు వరుస తారుమారగును: ముందు రాయి, పిదప దుక్కి. డిస్కు సంగతియు ఇంతే. భాగమును కుదించునప్పుడు చివరనున్న ఫైళ్లను లోనికి జరిపి, ఫైళ్ల లెక్కను సరిచేసి, అటుపిమ్మట పట్టికలోని అంకెను తగ్గించవలెను. పెంచునప్పుడు ముందు పట్టికను దిద్ది, పిదప ఫైళ్ల లెక్కను విస్తరింపవలెను.

ఎఫ్‌డిస్క్‌కు ఈ విద్య తెలియదు. అది భాగమును సృష్టించగలదు, తుడిచివేయగలదు, కొలత మార్చలేదు. కొలత మార్చదలచినవారు ఉన్నదంతయు ఫ్లాపీలలోనికి ఎత్తుకొని, భాగమును చెరిపి, మరల కట్టుకొని, తిరిగి నింపుకొనవలసి వచ్చెడిది. ఎక్స్‌టీ డిస్కు నిండియున్నచో ఇందుకు నాటి ఫ్లాపీలు సుమారు 30 కావలెను. అందొక్కటి చెడినను అందులోని సమాచారము పోయినట్లే.

1990 దశకములో ఈ కష్టము తీర్చు ప్రోగ్రాములు వెలువడినవి. ఫిప్స్ ఉచితము, పార్టిషన్ మ్యాజిక్ వెల పెట్టి కొనవలసినది. విండోస్ ఉన్న యంత్రములోనే లైనక్సును కూడ నిలుపవలెనను కోరిక ఈ కృషికి ఊతమిచ్చినది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లైనక్సును తెలుగులోనికి తెచ్చినది. అట్టి వ్యవస్థను పాత యంత్రములో చేర్చదలచినవారు ముందుగా విండోస్ భాగమును కుదించి చోటు కల్పింపవలసినదే.

తుదకు ఈ విద్య కంప్యూటరులోనికే చేరినది. 2007 జనవరిలో ప్రజలకు అందిన విండోస్ విస్టాలోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కుదించుటకు ష్రింక్ వాల్యూమ్, పెంచుటకు ఎక్స్‌టెండ్ వాల్యూమ్ అను ఆదేశములు చేరెను. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన మాక్ లెపర్డ్ కూడ ఇట్టి వసతి కల్పించెను.

అయినను దీనికి మితి కలదు. విండోస్‌లో కుదింపు కొన్నిచోట్ల అర్ధాంతరముగా ఆగును. డిస్కులో ఎంతో ఖాళీ కనబడుచున్నను ఇంతకంటె తగ్గదనును. కొన్ని ఫైళ్లు కదలనివగుటయే కారణము. జ్ఞాపకశక్తికి తోడుగా వాడు పేజీ ఫైలు అట్టిది. చేను నడుమ బావి వంటిది అది. దానిని దాటి గట్టు వేయజాలము. పెంచుటకు కావలసిన ఖాళీ కూడ ఆ భాగమునకు వెనువెంటనే ఉండవలెను. ముందున్న ఖాళీ పనికిరాదు. ఫైళ్ల లెక్క అంతయు భాగపు ఆరంభమునుండియే గదా!

పాత పట్టికకు మరొక మితి: సెక్టారుల సంఖ్యకు 32 బిట్లే ఉండుటచే సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లకు మించిన డిస్కును అది పూర్తిగా కొలువజాలదు. అందుచే జీపీటీ అను క్రొత్త పట్టిక వచ్చినది. అందు సాధారణముగా 128 వరుసలుండును. పట్టిక నకలు డిస్కు చివర భద్రపరచబడును.

పట్టికకు నకలున్నది గాని మన ఫైళ్లకు లేదు. అవి తరలుచుండగా కరెంటు పోయినచో పంట సగము పొలములో, సగము దారిలో చిక్కినట్లగును. కావున పాఠశాల కంప్యూటరులో ఈ పని తలపెట్టు ఉపాధ్యాయుడు ముందుగా సమస్తమును వేరొక డిస్కులోనికి నకలు చేసికొనవలెను. నాటి ఫ్లాపీల దొంతర నేడు అక్కరలేదు. నాటి జాగ్రత్త మాత్రము నేటికిని అవసరమే.