నావికుఁడును మాత్స్యికుఁడును: స్పే నదీవివాదములు

పాణినీయమున చతుర్థాధ్యాయ చతుర్థపాదమును జదివినవారికి నావికశబ్దమును మాత్స్యికశబ్దమును ఒక్క పాదముననే సిద్ధించుట తెలిసిన విషయమే. దాటువాఁడను అర్థమున నౌశబ్దముపైఁ బ్రత్యయము వచ్చి నావికుఁడు పుట్టును. ముప్పది సూత్రములు గడవకమునుపే చంపువాఁడను అర్థమున మత్స్యశబ్దముపైఁ బ్రత్యయము వచ్చి మాత్స్యికుఁడు పుట్టును. శబ్దశాస్త్రమున వీరిద్దఱికిని దగవు లేదు. నీటిమీఁద మాత్రము వీరి తగవు చిరకాలమునుండి సాగుచున్నది. ఒడ్డున గాలము వేసినవానికి ఎదుటినుండి పోవు పడవ కంటకము. పడవవానికి నీటి కడ్డముగా నున్న గాలపుదారము కంటకము. ఇది చిల్లరతగవుగాఁ దోఁచును. ఐనను స్కాట్లండులోని యొక్క నదినిగూర్చియే, ఇంచుమించు రెండునూఱేండ్ల యెడముతో, బ్రిటిషు ప్రభువులసభ రెండుమాఱులు తీర్పు చెప్పవలసివచ్చినది. ఆ చరిత్రను బరిశీలించుటయే యీ వ్యాసమునకు విషయము.

మన ధర్మశాస్త్రకారులు దీనినిగూర్చి యేమనిరో ముందుగాఁ జూడవలెను. మనువు ఎనిమిదవ యధ్యాయమున ఱేవుసుంకములను విధించి, నావికుల దోషమువలన సరకు చెడినచో నావికులే కలిసి తమతమ భాగముల చొప్పున దాని నిచ్చుకొనవలెననియు, దైవికమైన హానికి దండము లేదనియుఁ జెప్పెను. కౌటిల్యుఁడు నావధ్యక్షప్రకరణమున మత్స్యబంధకులు ఆఱవభాగము నిచ్చుకొనవలె ననెను. కాలముగాని కాలమందును ఱేవుగాని చోటను దాటువారికి దండము విధించి, కైవర్తులను, కట్టెలును గడ్డియు మోయువారిని, గోపాలకులను ఆ దండమునుండి తప్పించెను. ఏటియొడ్డునఁ బ్రదుకువారికి ఏఱే వీథి యని యాతఁడు గ్రహించె నన్నమాట. కాని దాటువాఁడును బట్టువాఁడును ఒక్కచోట నెదురుపడినచో నెవ్వఁడు తొలఁగవలెనను ప్రశ్న ఈ రెండుప్రకరణములందును లేదు.

ఆంగ్లేయులలో నీ ప్రశ్న మొదట చేపలకట్లనుగూర్చి పుట్టినది. 1215లో జాను రాజు ముద్ర వేసిన మాగ్నా కార్టాయందు ముప్పదిమూఁడవ నిబంధన, థేమ్సు మెడ్‌వే నదులనుండియు, సముద్రతీరమునఁ దప్ప ఇంగ్లండంతటను, చేపలకట్లను దీసివేయవలెనని శాసించుచున్నది. ప్రజాస్వాతంత్ర్యమునకు మూలమని కొనియాడఁబడు పత్రమునఁ జేపలకట్ల ప్రస్తావమేల యని నవ్వుకొనువారు కలరు. ఏటి కడ్డముగా గుంజలు పాఁతి తడికలు కట్టినచో వానియందుఁ జేపయుఁ జిక్కును, పడవయుఁ జిక్కును. వర్తకులకు నదియే రాజమార్గము. మూఁడవ ఎడ్వర్డు కాలమున 1351లో మరల నట్టి శాసనమే చేయవలసివచ్చుటచే మొదటిది యెంతవఱకుఁ బాటింపఁబడెనో యూహింపవచ్చును. ఐనను కట్టు స్థిరవస్తువు. అది యడ్డమా కాదా యని చూచి పెఱికివేయవచ్చును. ఒడ్డున నిలిచి గాలము వేయువాఁ డట్లు కాఁడు. పడవ పోవునప్పుడు దారమును లాగికొన్నఁ జాలును, దారి విడుచును. లాగికొనుటయే యాతనికి నష్టము. ఈ సూక్ష్మమును మాగ్నా కార్టా తీర్పఁజాలదు.

ఇఁక స్పే నది. ఇది స్కాట్లండు ఉత్తరభాగపుఁ గొండలలోఁ బుట్టి, సుమారు 107 మైళ్లు మిక్కిలి వేగముతోఁ బ్రవహించి, మొరే అఖాతమునఁ గలియును. దీనికి సాల్మను చేపవలనఁ బ్రసిద్ధి. ఆ చేప సముద్రమునఁ బెరిగి, గ్రుడ్లు పెట్టుటకై మంచినీటి కెదురెక్కి వచ్చును. వఱదకాలమున గోదావరి కెదురీదు పులస నెఱిఁగిన మనవారికి దీనిని వేఱుగ వర్ణింప నక్కఱలేదు. భేదమేమన, పులసను వలతోఁ బట్టుదురు. స్పే నదిలో సాల్మనును బట్టువాఁడు దరినిగాని మోకాలిబంటి నీటఁగాని నిలిచి, మిక్కిలి పొడవైన గాలపుఁగఱ్ఱతో, ఈకలును బట్టుదారమును జుట్టి చేసిన కృత్రిమపు టీఁగను విసరును. ఒడ్డునఁ జెట్లు దట్టముగా నుండుటచే దారమును వెనుకకుఁ దీసి విసర వీలులేదు. కావున దానిని నీటిమీఁదనే త్రిప్పి ముందునకు దొర్లించు నేర్పొకటి యచ్చటఁ బుట్టి, ఆ నది పేరనే దేశదేశములఁ జెల్లుచున్నది. ఇట్లు విసరువానికి ఎదుట విశాలమును గలఁతలేనిదియు నగు నీరు కావలయును. పడవ పోవునదియు నా నీటిమీఁదనే.

ఈ నదికి ఎగువ అబర్నెథి, రోథీమర్కస్, గ్లెన్మోరు అను సరళవృక్షముల యడవులు గలవు. అందుఁ గొట్టిన మ్రాఁకులు సముద్రమునకుఁ జేరుటకు నదియే దారి. పూర్వము తోలు కప్పిన బుట్టపడవలో నొకఁడు కూర్చుండి, మ్రాఁకులను ద్రాటఁ గట్టి ప్రవాహమున నడిపించుచుండెను. ఆ పడవ యన్యము గాదు, మన తుంగభద్రలోని హరిగోలే. 1728లో యార్కు బిల్డింగ్సు అను లండను వర్తకసంఘము అబర్నెథి మ్రాఁకులను గొనఁగా, ఆ పనిమీఁద ఆరన్ హిల్ అనునాతఁ డచ్చటికి వచ్చెను. ఈతఁడు కవి, నాటకకర్త. పోపు కవితోఁ దగవులాడినవారిలో నొకఁడు. పెక్కు మ్రాఁకులను గలిపి పెద్దతెప్పలుగాఁ గట్టు పద్ధతిని ఈతఁడే నేర్పెననియు, ఏఱు తగ్గినప్పుడు నడుమనున్న బండలపై మంట వేయించి, కాఁగినపిదప నీళ్లు పోయించి పగులఁగొట్టించెననియుఁ జెప్పుదురు. కవులు లోకవ్యవహారమునకుఁ బనికిరారని యనువా రీ సంగతిని గుర్తింతురుగాక.

ఎగువ నిట్లు తెప్పలు పెరుగఁగా దిగువఁ దగవు పెరిగినది. నదీముఖమున సాల్మనులను బట్టు హక్కు గార్డను డ్యూకుది. ఆయన ఏటి కడ్డముగాఁ జేపలకట్టు గట్టించెను. ఎగువ యడవులకు స్వామియైన గ్రాంటుయొక్క తెప్పలకు అది యడ్డమైనది. వ్యాజ్యము స్కాట్లండు న్యాయసభనుండి ప్రభువులసభ కెక్కి 1782లోఁ దేలినది, తెప్పలదారియే నిలిచినది. కొలఁదికాలమునకే హల్ పట్టణపు వర్తకులు గ్లెన్మోరు అడవిని గొని, స్పే నదీముఖమున ఓడలు కట్టు ఱేవును స్థాపించి, తమ యూరిపేరున దానికిఁ గింగ్‌స్టన్ అని పేరిడిరి. ఆ పేరే నేఁటికిని నిలిచియున్నది.

మనదేశమునను భద్రాచలపు టెగువనుండి టేకును వెదురును దెప్పలుగాఁ గట్టి రాజమహేంద్రవరమునకుఁ దెచ్చుచుండిరి. అట్టి కలపవర్తకుల పాఁత లెక్కలను జెత్తయని పాఱవేయువారు ఇఁక వ్రాయఁబోవు సంగతిని గమనింపవలెను.

1863లో ఇనుపదారి స్పేలోయకు వచ్చినది. మ్రాఁకులు బండి యెక్కినవి. తెప్పలు క్రమముగా నంతరించినవి. పడవలులేని యేటియొడ్డున గాలమువారి రాజ్యము స్థిరపడినది. ఇచ్చట స్కాట్లండు ధర్మమున నొక విశేషము గలదు. సాల్మనులను బట్టు హక్కు భూమితోఁ జేరినది గాదు. అది మూలమున రాజుది. రాజదత్తమై ప్రత్యేకపు టాస్తిగా వచ్చును. ఒడ్డు ఒకనిదియు, చేప వేఱొకనిదియుఁ గావచ్చును. ఏటిని మడువులు మడువులుగాఁ బంచి, దినములకును వారములకును గుత్త కిచ్చుట ఆచారమైనది. ఆ గుత్తల సొమ్ము మీఁదనే గాలమువారికి సాయపడి మడువులఁ జూపు సేవకులు మున్నగు పెక్కుకుటుంబములు జీవించుచున్నవి. కావున గాలమువారి మొఱను ధనికుల విలాసమని త్రోసివేయుట న్యాయము కాదు. సొమ్ము చెల్లించి వారమునకుఁ గైకొన్న మడువులో గుంపులుగుంపులుగా దోనెలు పోవుచుండఁగా, విసరిన దారమును మాటిమాటికిని లాగికొనువాని మనస్సు ఎట్లుండును?

ఆ దోనెలు 1970వ దశకమున వచ్చినవి. కెయిర్న్‌గార్మ్ నౌకావిహారపాఠశాలవారు విద్యార్థులను సన్నని తేలికదోనెల నెక్కించి స్పేలో దిగువకుఁ బంపుచుండిరి. నాక్యాండో యను చోట ఒడ్డునకును సాల్మనులకును స్వాములైన విల్సు ధర్మకర్తలు వారిని నిషేధింపవలెనని న్యాయసభను గోరిరి. ఆ సభ గాదనెను. పై సభయుఁ గాదనెను. వ్యాజ్యము 1976లోఁ బ్రభువులసభకు వచ్చెను. అచ్చట 1782 నాఁటి తీర్పు మరల వెలికివచ్చినది. అది ప్రజలందఱి హక్కును నిలిపినదా, గ్రాంటుదానిని మాత్రమే నిలిపినదా యని వాదము సాగినది. తుదకు సభ్యులు నిర్ణయించిన దిది: చిరకాలమునుండి తెప్పలు నడచుటచే స్పేలోఁ బ్రజలకు నౌకాయానపు హక్కు గలదు, ఆ హక్కు మ్రాఁకులకే పరిమితము గాదు, వినోదమునకై పోవు దోనెలకును జెల్లును, తెప్పలు నడచుట మానినంతమాత్రమున నశింపదు.

ఎన్నఁడో కుళ్లిపోయిన సరళవృక్షపు మ్రాఁకులే పాఠశాలబాలుర దోనెలకు సాక్ష్యము చెప్పినవి! ఆ పాఁతవ్యవహారము లేఖనములఁ జేరకయున్నచో నూఱుమైళ్లకు మించిన యేఱు గుత్తదారులకే చిక్కియుండును.

తీర్పు న్యాయమనియే నా యభిప్రాయము. ఐనను దానితోఁ దగవు తీఱలేదు. తుల్యబలములైన రెండువిధులకు విరోధము గలిగినచోఁ బరమైనదే ప్రవర్తించునని వైయాకరణుల మర్యాద. నదియం దది యుపకరింపదు. ఇచ్చట రెండుహక్కులును నిలుచును. నీటికి వీరిద్దఱిలో నెవ్వఁడును స్వామి కాఁడు. ఒకనిది పోవు హక్కు, ఒకనిది పట్టు హక్కు. కావున ఎట్లు పోవలెనను ప్రశ్నయే మిగులును. దీనికి దారిచూపు తీర్పొకటి ఇంగ్లండులో 1845లోనే వచ్చినది. కోల్చెస్టరు పురమువారు కోల్న్ నదిలో ఆల్చిప్పలను బెంచుచుండఁగా నొక యోడ వానిపై నెక్కి పాడుచేసినది. ఆ పెంపకము దారి కడ్డమైనను గావచ్చును. అంతమాత్రమున, జాగ్రత్తతోఁ దప్పింపఁగల హానిని అజాగ్రత్తచేఁ గావించుటకు ఓడవానికి హక్కు లేదని న్యాయాధిపతులు తీర్చిరి.

మనుష్యస్వభావము తీర్పులకు లొంగదనుటకు ఆంగ్లసాహిత్యమునుండి యొక దృష్టాంతము. జెరోం 1889లోఁ బ్రకటించిన ‘త్రీ మెన్ ఇన్ ఎ బోట్’ అను హాస్యగ్రంథమున ముగ్గురు మిత్రులు థేమ్సులోఁ దెరచాప నెత్తి పరవశులై పోవుచు, చేపలు పట్టుచుండిన ముగ్గురు వృద్ధుల పడవను ఢీకొందురు. ఆ మిత్రులే తెడ్లు వేయునప్పుడు పొగపడవలను ద్వేషింతురు. తమ పడవను బొగపడవకుఁ గట్టించుకొన్న దినమునఁ దెడ్లవారిని ద్వేషింతురు.

స్పేలోఁ గొంతయుపశమనమును గాలవిభాగము గావించినది. స్కాట్లండులో నాదివారము సాల్మనులకు గాలము వేయుట నిషిద్ధము; ఆ దినమున దోనెలకు నెదురు లేదు. ఇట్టి దినవిభాగము మనకుఁ గ్రొత్త గాదు. అశోకుఁడు పట్టాభిషిక్తుఁడైన యిరువదియాఱేండ్లకు వ్రాయించిన యైదవ స్తంభశాసనమునఁ జాతుర్మాస్యపూర్ణిమలు మున్నగు దినములందు చేపలను జంపరాదు, అమ్మరాదు అని యున్నది. అది భూతదయచేఁ గలిగినది, ఇది మతాచారముచేఁ గలిగినది. ఫలము మాత్రము ఏటికి విశ్రాంతి.

2003లో స్కాట్లండు శాసనసభ చేసిన భూసంస్కరణశాసనముచే బాధ్యతతోఁ బ్రవర్తించు ప్రతివానికిని భూమిపైనను లోనాటి జలములపైనను సంచరించు హక్కు గలిగినది. 1976లో స్పే కొక్కదానికిఁ దేలినది దేశమంతటికిని వ్యాపించిన దన్నమాట. బాధ్యత యనఁగా నేమియో యేటియొడ్డున వాడుకయే తెలుపుచున్నది. దోనెవాఁడు ఎగువనే యాగి, గాలమువాని చూపు తనపైఁ బడువఱకు వేచియుండును. గాలమువాఁడు దారమును జుట్టుకొని, ఏవైపునఁ బోవలెనో చేతితోఁ జూపును. దోనెలు గుంపుగాఁ జేరి, మడువులో నిలువక, తెడ్లచప్పుడు తగ్గించి దిగువకు సాగును. అవి దాటిన పిదప గాలమువాఁడు తన యీఁగను మరల విసరును.