పాతతుపాకి - పరీక్షాధర్మము

విజయదశమినాడు ఆయుధములను పూజించుట మనకు పెద్దలనుండి వచ్చిన ఆచారము. కాని పూజార్హమైన ప్రతి పాతతుపాకియు ప్రయోగార్హము కాదు. మెరుగు పైన నుండును. బలము లోహగర్భమున నుండును. ఇందుకు అమెరికాదేశపు స్ప్రింగ్‌ఫీల్డు తుపాకి చరిత్రము చక్కని నిదర్శనము.

1903వ సంవత్సరమున ఆ దేశపు సైన్యము ఈ తుపాకిని స్వీకరించెను. స్ప్రింగ్‌ఫీల్డు, రాక్ ఐలెండు అను రెండు ప్రభుత్వ కర్మాగారములలో ఇవి తయారయ్యెను. ప్రతి తుపాకియు చదరపు అంగుళమునకు 70,000 పౌనుల ఒత్తిడి కలిగించు తూటాతో పరీక్షింపబడియే వెలికి వచ్చెడిది. అట్లయ్యును 1917లో కొన్ని తుపాకులు పేల్చువారి చేతులలోనే బద్దలయ్యెను.

విచారింపగా దోషము కొలిమియొద్ద బయటపడెను. బోల్టును బిగించి పట్టు ఉక్కుభాగమునకు రిసీవరని పేరు. ఆ ఉక్కును కాచునపుడు పనివారు దాని రంగును చూచియే వేడిని నిర్ణయించుచుండిరి. వారు అనుభవజ్ఞులే. కాని ఎండ కాయుచున్నప్పుడు కాలిన ఉక్కు ఎరుపు కంటికి తగ్గి కనబడును. యంత్రముతో కొలువగా, ఎండవేళ చాలునని వారెంచిన వేడి మబ్బువేళ వేడికంటె 300 ఫారెన్‌హీటు డిగ్రీలవరకు హెచ్చుగా నుండెను. అట్లు మితిమీరి కాలిన ఉక్కు పెళుసుబారెను. తూటా అడుగు చినిగి వాయువు వెనుకకు తన్నినపుడు అట్టి రిసీవరు ముక్కలయ్యెను.

1918లో కాచు పద్ధతిని మార్చిరి. స్ప్రింగ్‌ఫీల్డున 8,00,000కును, రాక్ ఐలెండున 2,85,507కును లోబడిన సంఖ్యలుగల తుపాకులను పేల్చరాదని నేటికిని తెలిసినవారు హెచ్చరింతురు. వానిలో ఏది మంచిదో ఏది చెడ్డదో చూచి చెప్ప శక్యము కాదు.

కావున లైసెన్సుతో పాతతుపాకి కలిగిన మన సోదరులు మొదట అందు తూటా లేదని స్వయముగా చూడవలెను. పిమ్మట సంఖ్యను, కర్మాగారపు ముద్రను చదివి దాని జన్మవృత్తాంతము తెలిసికొనవలెను. బోల్టు ఆ తుపాకిదేనా? గొట్టమున అడ్డుగాని ఉబ్బుగాని తుప్పుగాని కలదా? రిసీవరున బీటలున్నవా? తూటా అడుగునకును బోల్టు ముఖమునకును గల ఎడము సరియైనదా? చేతనున్న తూటా దానికి తగినదేనా? వీనిని గేజులు గల అనుభవజ్ఞుడైన తుపాకి పనివానిచేతనే తేల్చుకొనవలెను. సందేహము తీరనిచో దానిని గోడకు వ్రేలాడదీయుటయే పెద్దల ఆయుధమునకు గౌరవము.

ఆ కొలిమివారు కంటిని నమ్మి మోసపోయిరి. మనము కంటిని నమ్మి కన్ను పోగొట్టుకొనకుందుము గాక.