డ్రాఫ్టు మామ పేరు మీద, ఉత్తరం అందరి ముందు

నేను పుట్టింది బెల్లంపల్లిలో, మెట్టింది కోరుట్ల దగ్గర ఒక పల్లెలో. మధ్యలో గోదావరి. నా పెండ్లయిన 2000లో ఒకటి ఆదిలాబాద్ జిల్లా, ఇంకొకటి కరీంనగర్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయాక ఒకటి మంచిర్యాల, ఇంకొకటి జగిత్యాల అయ్యాయి. రెండిటి మధ్య సగం పూట ప్రయాణం, అంతే. కానీ ఇంట్లో మగమనిషి ఉండడం, ఉండకపోవడం అనే విషయంలో మాత్రం రెండూ వేరే దేశాలే.

మా నాన్నది బాయి పని. బొగ్గుబావిని మా వైపు అట్లాగే అంటారు. సింగరేణి 1920లో కంపెనీగా ఏర్పడింది, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ బావుల చుట్టూ బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని లాంటి ఊళ్లు పెరిగాయి. మా క్వార్టర్లలో గడియారం కంటే సైరన్ ముఖ్యం. మొదటి షిఫ్ట్ అయితే అమ్మ తెల్లవారకముందే టిఫిన్ గిన్నె కట్టాలి. రాత్రి షిఫ్ట్ అయితే పొద్దున మేము గట్టిగా మాట్లాడకూడదు, నాన్న పడుకుంటాడు. పైకప్పు కూలిందని వార్త వస్తే వాడకట్టు ఆడవాళ్లంతా బాయి గేటు దాకా ఉరికేవాళ్లు. మా అమ్మకు భయం రోజూ ఉండేది, రోజూ తీరేది. జీతాల రోజు మాత్రం తాగి వచ్చే నాన్నతో తగాదా. కాబట్టి ఆ సంసారం పూలపాన్పు అని నేను చెప్పను. కానీ తగాదాకైనా మనిషి ఎదురుగా ఉండేవాడు.

అత్తగారింటికి వచ్చాక మొదట నాకు వింతగా తోచింది ఆ ఇంట్లోని నిశ్శబ్దం. మామయ్య దుబాయిలో ఉన్నారు. మా ఊళ్లో మస్కట్ పోయినా, సౌదీ పోయినా, కువైట్ పోయినా 'దుబాయి పోయిండు' అనే అంటారు.

ఈ పోవడం దుబాయితో మొదలు కాలేదు. నిజాం కాలంలోనే ఇక్కడి కూలీలు బొంబాయి పోయారు. అక్కడి కామాటిపురకు ఆ పేరు వచ్చింది అట్లా పోయిన కామాటీల వల్లే. మగ్గం నేసే పద్మశాలీలు షోలాపూర్, భీవండి పట్టారు. భీవండి పోయినవాళ్లు కొన్నాళ్లకు భార్యాపిల్లలను కూడా తీసుకుపోయేవాళ్లు. ఇరుకు ఖోలీ అయినా ఒక పొయ్యి, ఒక సంసారం. దుబాయికి ఆ వీలు లేదు. కూలి వీసా మీద పోయినవాడు పెండ్లాన్ని తీసుకుపోలేడు.

1973 తర్వాత చమురు ధర పెరిగి ఎడారి దేశాలలో కట్టడాలు లేచాయి. ఇక్కడ చూస్తే బావులు ఎండినయి, అప్పులు. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది, తర్వాత నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వయసు పిల్లలను ఊళ్లో ఉంచడమే తల్లిదండ్రులకు భయమైంది. మామయ్య 1979లో వెళ్లారు. ముందు బొంబాయి, అక్కడ ఏజెంటు చుట్టూ నెలల తరబడి తిరగడం, ఆ తర్వాత విమానం. వలస కార్మికుల కోసం ఎమిగ్రేషన్ చట్టం వచ్చింది 1983లో. అప్పటికే ఆయన ఒకసారి సెలవుకు వచ్చి మళ్లీ పోయారు కూడా.

అప్పటికి అత్తమ్మకు ఇరవై మూడేండ్లు, చంకలో ఇద్దరు పిల్లలు.

డబ్బు బ్యాంకు డ్రాఫ్టుగా వచ్చేది, మామయ్య వాళ్ల నాన్న పేరు మీద. ఉత్తరమూ ఆయన పేరు మీదే. అత్తమ్మకు చదువు రాదు. బడికి పోయే పిల్లవాడెవడో అరుగు మీద కూర్చొని గట్టిగా చదివేవాడు, ఇల్లంతా వినేది. నాన్నకు దండం, అమ్మకు దండం, చెల్లెలి పెండ్లి ముచ్చట, పొలం ముచ్చట, బర్రె ముచ్చట. చివరన 'ఇంట్ల అందరిని అడిగినట్టు చెప్పుండ్రి'. ఆ 'అందరి'లో అత్తమ్మ ఒకరు.

కొన్నేళ్లకు టేప్ రికార్డరు వచ్చింది. మాట రికార్డు చేసిన క్యాసెట్టును సెలవుకు వచ్చేవాళ్లతో పంపేవాళ్లు. అది విందామని వాడకట్టంతా మా ఇంటి ముందు కూర్చునేదట. ఆయన ఒక్కొక్కరి పేరు పిలిచి మాట్లాడేవారు. అత్తమ్మ వంతు వచ్చేసరికి ఒక్కటే మాట, 'పిల్లలు పైలం'. జవాబు కూడా అందరి ముందే రికార్డు చేయాలి.

"మీరేం చెప్పేవాళ్లు అత్తమ్మా?" అని ఒకసారి అడిగాను.

"ఏం జెప్తం బిడ్డా? మా అత్త పక్కకే కూసుండె. అంత మంచిగనే ఉన్నం అన్న."

ఆ మాట అన్న రోజుల్లో ఆమెకు కడుపు పోయి పది రోజులయిందట. ఆయనకు ఆ సంగతి తెలిసింది ఏడాది తర్వాత, సెలవుకు వచ్చినప్పుడు, అదీ చెల్లెలి నోట. ఈ సంగతి రాయవచ్చునా అని అత్తమ్మను అడిగాను. "రాయి, ఇప్పుడెవరున్నరు బాధపడనీకి" అన్నది.

దూరం మనుషులను విడదీస్తుందని అందరూ అంటారు. నేను పాతికేండ్లు ఈ ఇంట్లో ఉండి చూసినదాన్ని బట్టి, దూరం ఒక్కటే అంత పని చేయదు. మధ్యలో కూర్చున్న నాలుగు చెవులు చేస్తాయి. డ్రాఫ్టు మార్చే చెయ్యి, ఉత్తరం చదివే గొంతు, క్యాసెట్టు నొక్కే వేలు, ఇందులో ఏదీ ఆమెది కాదు. భర్త నెలనెలా సంపాదన పంపుతున్నా పిల్లవాడికి చొక్కా కొనాలంటే ఆమె మామను అడగాలి.

సెలవు రెండేండ్లకు ఒకసారి, రెండు నెలలు. మామయ్య పూర్తిగా తిరిగి వచ్చింది 2003లో. ఒకరోజు చిక్కుడుకాయలు గిల్లుతూ అత్తమ్మే లెక్క వేసింది. ఇరవై నాలుగేండ్లలో ఇద్దరూ కలిసి ఉన్నది రెండేండ్లు.

అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1938లో ఒక పరిశోధన మొదలుపెట్టి ఇప్పటికీ నడుపుతున్నారు. మొత్తం 724 మంది జీవితాలను యవ్వనం నుంచి ముసలితనం దాకా గమనించారు. ముసలితనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉండడానికి డబ్బు, పేరు కంటే దగ్గరి మనుషులతో బంధం ఎట్లా ఉందన్నదే ముఖ్యమని తేలింది. మొదట ఆ 724 మందీ మగవాళ్లే. భార్యలను అడగడం చాలా ఏండ్ల తర్వాత గాని మొదలు కాలేదు. చదివి నాకు నవ్వు వచ్చింది, మా ఉత్తరాల లాగే అనిపించింది.

మరి అత్తమ్మ ఆ ఇరవై నాలుగేండ్లు ఎట్లా బతికింది? బీడీల దగ్గర బతికింది. మా ప్రాంతంలో బీడీ చేయని ఇల్లు తక్కువ. ఆదిలాబాద్ అడవుల తునికాకు, ఒడిలో చాట, చేతిలో కత్తెర, రోజుకు వెయ్యి బీడీల లెక్క. వంగి వంగి నడుము పోతుంది, తంబాకుతో దగ్గు పడుతుంది, కూలి తక్కువ. కానీ వేపచెట్టు కింద ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చునేవాళ్లు, అందులో సగానికి పైగా మొగుళ్లు దుబాయిలో ఉన్నవాళ్లే. చేతులు పనిలో, నోళ్లు ముచ్చట్లో. క్యాసెట్టులో చెప్పలేని మాట అక్కడ చెప్పుకునేవాళ్లు. కడుపు పోయినప్పుడు పది రోజులు ఆమె లెక్క కూడా మిగతావాళ్లే చుట్టి కార్ఖానాలో అప్పజెప్పారట. ఆ బీడీ పైసలే ఆమె చేతికి వచ్చిన మొదటి సొంత పైసలు.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు ఆ గుంపులో ఇద్దరి భర్తలు కువైట్‌లో ఉన్నారు. వారాలపాటు కబురు లేదు. ఆ ఇద్దరి ఇండ్లలో మిగతావాళ్లే వంతులవారీగా పొయ్యి వెలిగించారు. భారత ప్రభుత్వం లక్షా డెబ్బై వేల మందిని జోర్డాన్ మీదుగా విమానాలలో తీసుకువచ్చింది. వాళ్లిద్దరూ అందులోనే వచ్చారు.

అందరూ అట్లా రాలేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఇరుక్కుని, పారిపోయి 'కల్లివెల్లి' అయినవాళ్లు ఏండ్ల తరబడి రాలేకపోయారు. దుబాయి జైలులో పడిన సిరిసిల్ల వాళ్లు 18 ఏండ్ల తర్వాత, 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరినప్పుడు టీవీలో చూస్తూ అత్తమ్మ అన్నం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. 2011 జనాభా లెక్కల్లో కరీంనగర్ జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకు 1008 మంది ఆడవాళ్లు, ఆదిలాబాద్‌లో 1001. వలస ఒక్కటే కారణమని అనను గాని, మా ఊరి బతుకమ్మ చూస్తే లెక్క అవసరం లేదు.

ఇక మామయ్య తిరిగి వచ్చిన సంగతి. అందరం సంబరపడ్డాం. ఆరు నెలలు గడిచేసరికి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడడం మానేశారు. ఆయన నాలుగింటికే లేచి తన బట్టలు తనే ఉతుక్కునేవారు, క్యాంపు అలవాటు. ఆమె ఎవరినీ అడగకుండా పొలం కౌలుకు ఇచ్చేది, సంఘంలో అప్పు తీసుకునేది, అదీ అలవాటే. ఆయనకు కోపం. "రెండు నెలలకు పోయే సుట్టం, ఈసారి పోతలేడు" అని ఆమె నా దగ్గర గొణిగేది. ఎవరి తప్పు అని ఆ రోజుల్లో నేను చాలా ఆలోచించాను. ఆయన వైపే తప్పు ఎక్కువని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనను. ఆయనకు కూడా ఇన్నేండ్లు ఈ ఇంటి నుంచి వచ్చిన జవాబు ఒక్కటే కదా, అంత మంచిగనే ఉన్నం.

ఇప్పుడు మా మరిది దుబాయిలో ఉన్నాడు. డబ్బు నేరుగా నా తోడికోడలు ఖాతాలో పడుతుంది. ఈ ఒక్క మార్పు కోసం ఆమె పెండ్లయిన మొదటి ఏడాదిలోనే పట్టుబట్టింది, అత్తమ్మ ఆమె పక్షం నిలబడింది. వాట్సాప్ కాల్ అక్కడ కలవదని వేరే యాప్ పెట్టుకున్నారు. సాయంత్రం ఆమె ఫోను ఉప్పుడబ్బాకు ఆనించి కూర వండుతుంది. అటు ఆయన కూడా క్యాంపులో వండుతుంటాడు. చాలాసార్లు ఇద్దరూ ఏమీ మాట్లాడుకోరు, గిన్నెల చప్పుడు వినిపిస్తుంది. కొన్నిసార్లు గట్టిగా కొట్లాడుకుంటారు కూడా, నేను పిల్లలను బయటికి తీసుకుపోతాను.

మొన్న మామయ్య గడపలో నిలబడి అడిగారు, "గంట నుంచి ఏం మాట్లాడుతుండ్రు వీళ్లు?"

"ఏం మాట్లాడ్తలేరు. పిలగాని పప్పు అడుగంటిందట" అన్నది అత్తమ్మ.

ఆయన లోపలికి వచ్చి, పప్పు అడుగంటకుండా క్యాంపులో తను ఏం చేసేవాడో చెప్పడం మొదలుపెట్టారు. పన్నెండు మందికి ఒకటే పొయ్యి ఉండేదట. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. అత్తమ్మ పీట పక్కకు జరిపి "మరి మీ వంతు ఎప్పుడొచ్చేది?" అని అడిగింది.