గోడమీద గోడ బొమ్మ



పోయిన దసరాకి మా అమ్మాయి ఢిల్లీనుంచి వస్తూ ఒక పెద్ద ఫోటో ఫ్రేము కట్టించి మరీ పట్టుకొచ్చింది. ముందుగదిలో గడియారం పక్కన మేకు కొట్టించి తగిలించింది. నలుపు తెలుపు బొమ్మ. అందులో మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు. బూడిదరంగు కాంక్రీటు దూలాలు త్రికోణాలు త్రికోణాలుగా అల్లుకుని పైకి లేచిపోయాయి. ఆ సందుల్లోంచి దిగిన ఎండ నేలంతా ముగ్గు పెట్టినట్టు పరుచుకుంది. అంతే!

మా అత్తగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. "గోడకి గోడ బొమ్మ ఏమిటే, అమ్మడూ? అదీ సున్నమైనా కొట్టని గోడ!" అన్నారు. అందరం నవ్వేశాం. నేను మాత్రం ఆ ముగ్గులాంటి ఎండని చూస్తూ, "ఈసారి ఢిల్లీ వస్తే ఈ భవనం చూపిస్తావా?" అని అడిగాను.

"ఇప్పుడది లేదమ్మా. 2017లో కూల్చేశారు" అంది.

లేని భవనం మా గోడమీద ఉందన్నమాట! ఆ మాట తర్వాత నాకు ఆ బొమ్మ మరోలా కనిపించసాగింది. అది ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, కూల్చిందాన్ని ఇప్పుడు అద్దం వేసి ఎందుకు తగిలిస్తున్నారు అని చదవడం మొదలుపెట్టాను. చదివింది మీకూ చెప్పాలనిపించింది. ముందు ఈ తరహా కట్టడాల పుట్టుక చెప్పి, తర్వాత మా బొమ్మ దగ్గరికి వస్తాను.

ఇల్లు కట్టించిన ప్రతి ఇల్లాలికీ కాంక్రీటు సంగతి తెలుసు. సెంట్రింగు కొడతారు, ఇనపచువ్వలు కడతారు. సిమెంటూ ఇసుకా కంకరా నీళ్ళతో కలిపి పోస్తారు. రోజూ తడిపి, గట్టిపడ్డాక చెక్కలు విప్పుతారు. విప్పగానే గరుగ్గా, బూడిదరంగుగా, చెక్కల గీతలు అచ్చుపడి కనిపిస్తుందే, ఆ ముఖం మనకి కిట్టదు. ప్లాస్టరింగు చేయించి రంగు వేయించేదాకా ఇల్లు పూర్తయినట్టే ఉండదు. మరి ఆ ముఖాన్ని కప్పకుండా, ఇదే అందం అని వదిలేస్తే?

ఆ పని చేసినవాడు లె కార్బూజియే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఫ్రాన్సులో లక్షలమందికి ఇళ్ళు లేవు. మార్సెయ్ నగరంలో 337 వాటాలున్న ఒక పెద్ద భవనం ఆయన చేత కట్టించారు. 1947లో మొదలై 1952లో పూర్తయింది. లోపలే అంగళ్ళ వీధి, మేడమీద పిల్లల బడి! ఉక్కు దొరకడం కష్టంగా ఉన్న రోజులు కాబట్టి కాంక్రీటుతో కట్టారు. పని అంత నున్నగా రాలేదు. అతుకులు కనిపించాయి, చెక్కల ముద్రలు పడ్డాయి. వాటిని పూసి దాచకుండా ఆయన అలాగే ఉంచేశాడు. దాన్ని ఫ్రెంచిలో బెటాన్ బ్రూ అంటారు. "బ్రూ" అంటే ముడిది అని అర్థం. ముడిబియ్యం, ముడిపట్టు అంటాం చూడండి, అలా ముడి కాంక్రీటు అన్నమాట.

ఈ మాటే ఇంగ్లండు చేరి "బ్రూటలిజం" అయింది. 1953లో ఆలిసన్ స్మిత్సన్ అనే ఆర్కిటెక్టు, ఆవిడ మనలాంటి ఆడమనిషే సుమండీ, "న్యూ బ్రూటలిజం" అన్న మాటని అచ్చులో వాడింది. 1955లో రేనర్ బానమ్ రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. అయితే ఇంగ్లీషులో "బ్రూటల్" అంటే క్రూరమైనది అని కదా! అంచేత ఆ భవనాలు నచ్చనివాళ్ళకి పేరే పెద్ద ఆయుధమైపోయింది.

ఇక ఈ ముడి కాంక్రీటు ఫోటోలోకి ఎలా వచ్చిందో వినండి. లూసియన్ ఎర్వే అని హంగరీలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఫోటోగ్రాఫరు ఒకాయన ఉండేవాడు. 1949లో మార్సెయ్ వెళ్ళి, ఇంకా కడుతూన్న ఆ భవనాన్ని చూసి, ఒక్కరోజులో 650 ఫోటోలు తీశాడట! వాటిని లె కార్బూజియేకి పంపితే, ఇతనికి ఆర్కిటెక్టు మనసుంది అని మెచ్చుకుని తన పనులన్నిటికీ అతన్నే ఫోటోగ్రాఫరుగా పెట్టుకున్నాడు. 1965లో లె కార్బూజియే పోయేదాకా వాళ్ళ స్నేహం సాగింది.

ఎర్వే భవనం మొత్తాన్ని చూపించాలని తాపత్రయపడేవాడు కాదు. ఒక మూల, ఒక మెట్ల వరస, గోడమీద పడ్డ నీడ, అంతవరకే ఉంచి తక్కినదంతా కత్తిరించేసేవాడు. ఎందుకంటారా? పాలరాయి మెరుస్తుంది, అద్దం వెలుతుర్ని తిప్పికొడుతుంది. కాంక్రీటు అలా కాదు, వెలుతుర్ని నెమ్మదిగా తనలోకి తీసుకుంటుంది. పొద్దున్నో సాయంత్రమో ఎండ పక్కనుంచి పడితే చెక్క గీత ప్రతిదీ లేచి కనిపిస్తుంది. నల్లనలుపుకీ తెల్లతెలుపుకీ మధ్య ఎన్ని బూడిదరంగులుంటాయో అన్నీ అందులో దొరుకుతాయి. ఎండని ఆపడానికి కట్టిన లోతైన గూళ్ళు గడియారంలో ముల్లులా నీడని జరుపుతూ పోతాయి. నలుపు తెలుపు ఫోటోకి ఇంతకంటే ఏం కావాలి?

పైగా బొమ్మలో కాంక్రీటుకి మరో సుఖం ఉంది. అది కారదు, దానికి పాచి పట్టదు, ఉక్క పొయ్యదు. వేసవిలో స్లాబు కింద రాత్రి పదింటిదాకా వేగిపోయే మనకి ఆ తేడా ఒకరు చెప్పాలా! భవనంలో ఉన్నవాళ్ళు పడ్డ బాధ బొమ్మ చూసేవాళ్ళకి అంటదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఇలాంటి కట్టడాల ఫోటోలు చాలాకాలం పత్రికల్లోనూ ఆర్కిటెక్టుల ఫైళ్ళలోనూ ఉండేవి. వాటికి గోడమీద చోటు రావడంలో జర్మనీ దంపతులు బెర్న్‌డ్, హిల్లా బెషర్‌ల పాత్ర పెద్దది. 1959నుంచి వాళ్ళు నీళ్ళ ట్యాంకులూ, గనుల దగ్గరి గోపురాలూ, కొలుములూ ఫోటోలు తీసి, ఒకేరకంవి వరసగా పేర్చి గోడకి తగిలించేవారు. ఎవరూ కన్నెత్తి చూడని కట్టడాలు! 1990లో వెనిస్ కళాప్రదర్శనలో వాళ్ళకి బహుమతి వచ్చింది. ఎందులో అనుకున్నారు? ఫోటోగ్రఫీలో కాదు, శిల్పంలో! కట్టడాన్ని శిల్పంలా చూడటం లోకానికి అప్పటికి బాగా అలవాటైందన్నమాట.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1947 విభజనలో లాహోరు పాకిస్తానుకి పోవడంతో పంజాబుకి రాజధాని లేకుండా పోయింది. కొత్తగా చండీగఢ్ కట్టాలనుకున్నారు. లె కార్బూజియేని పిలిచారు. ఆయనతోపాటు పియేర్ జానెరే, మాక్స్‌వెల్ ఫ్రై, ఆయన భార్య జేన్ డ్రూ వచ్చారు. మనవాళ్ళలో ఊర్మిళా యూలీ చౌధరీ ఆ బృందంలో పనిచేసి, తర్వాత చండీగఢ్‌కే చీఫ్ ఆర్కిటెక్టు అయింది. 1955లో హైకోర్టు తయారైంది. తర్వాత సెక్రటేరియట్టు, శాసనసభ లేచాయి. 2016లో యునెస్కో ఏడు దేశాల్లోని 17 లె కార్బూజియే కట్టడాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించినప్పుడు మార్సెయ్ భవనంతోపాటు ఈ చండీగఢ్ భవనాలూ అందులో చేరాయి.

అయితే నా కళ్ళు ఆగింది ఆ భవనాల మీద కాదు. ఎర్న్‌స్ట్ షైడెగర్ అనే స్విస్ ఫోటోగ్రాఫరు 1956లో చండీగఢ్ కడుతూండగా తీసిన ఫోటోలు ఉన్నాయి. అందులో పెద్ద యంత్రాలేమీ కనిపించవు. సర్వీ కర్రలు కట్టిన వాలుదారి మీద ఆడవాళ్ళు చీర కొంగు బిగించి, తలమీద తట్టలతో పైకి నడుస్తున్నారు. ఆ మహానుభావుడి గోడలన్నీ అలా తట్టతట్టగా పైకి వెళ్ళినవే! ఆ ఆడవాళ్ళు మన ప్రాంతం వాళ్ళు కాకపోవచ్చు. కానీ పాలమూరునుంచి తట్టా పారా పట్టుకుని ఆనకట్టలకీ కాలవలకీ దేశమంతా వలసపోయిన కూలీల సంగతి తెలిసిన మనకి ఆ నడక కొత్తది కాదు. భవనం పూర్తయ్యాక తీసిన అందమైన ఫోటోల్లో ఆ తట్ట కనిపించదు. ఫ్రేము కట్టించుకునేది మటుకు ఎక్కువగా ఆ ఫోటోలే.

ఇప్పుడు మా ముందుగదిలో బొమ్మ కథ. దాని పేరు హాల్ ఆఫ్ నేషన్స్. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంలో, 1972లో ఢిల్లీ ప్రగతి మైదానంలో జరిగిన ఆసియా వాణిజ్య ప్రదర్శన కోసం కట్టారు. ఆర్కిటెక్టు రాజ్ రేవల్, ఇంజనీరు మహేంద్ర రాజ్. ఇలాంటి త్రికోణాల అల్లికని మామూలుగా ఉక్కు గొట్టాలతో చేస్తారు. మన దగ్గర అప్పుడు అంత ఉక్కెక్కడిది? ఉన్నది సిమెంటు, కూలీల చేతులు. అంచేత ఉక్కుతో చెయ్యాల్సిన అల్లికని కాంక్రీటుతో, అక్కడికక్కడే పోసి నిలబెట్టారు. సుమారు 78 మీటర్ల వెడల్పున లోపల ఒక్క స్తంభం లేదు! పైగా ఆ దూలాలే ఎండకి అడ్డు కూడా. నేను ముగ్గనుకున్నది ఊరికే అలంకారం కాదు, ఢిల్లీ ఎండని ఆపే జాలీ!

ఢిల్లీలో మదన్ మహట్టా అనే ఫోటోగ్రాఫరు ఆ తరం భవనాలెన్నిటినో నలుపు తెలుపులో తీశాడు. 2012లో ఆ ఫోటోలన్నీ ఢిల్లీలో ప్రదర్శనగా పెడితే జనం, మన ఊళ్ళో ఇంత అందమైన భవనాలున్నాయా అని ఆశ్చర్యపోయారు. 2014లో ఆయన పోయాడు. మరి మూడేళ్ళకి ఆ హాలూ పోయింది. కొత్త సమావేశ మందిరం కట్టడానికి స్థలం కావాలన్నారు. దేశదేశాల ఆర్కిటెక్టులు వద్దని రాశారు, కోర్టుకి కూడా వెళ్ళారు. అరవయ్యేళ్ళు నిండితేగాని వారసత్వ కట్టడంగా లెక్కలోకి రాదన్నారు. దీనికి నిండినవి నలభై అయిదు. 2017 ఏప్రిల్‌లో ఒక రాత్రి పొక్లెయిన్లు వచ్చాయి. తెల్లారేసరికి అది శిథిలాల గుట్ట. 2022లో న్యూయార్కు ఆధునిక కళల మ్యూజియంవారు దక్షిణాసియా కట్టడాల ప్రదర్శన పెట్టి, హాల్ ఆఫ్ నేషన్స్‌కి అందులో గౌరవంగా చోటిచ్చారు. మనం నేలమీద ఉంచుకోలేనిదాన్ని వాళ్ళు గోడమీద పెట్టుకున్నారు!

మనకే ఇలా జరిగిందనుకోకండి. బ్రూటలిజం పేరు పెట్టిన ఆలిసన్ స్మిత్సన్, ఆవిడ భర్త పీటర్ కలిసి లండన్లో కట్టిన రాబిన్ హుడ్ గార్డెన్స్ ఇళ్ళు కూడా సరిగ్గా 1972లోనే పూర్తయి, 2017లోనే కూల్చివేత మొదలైంది. అందులో మూడంతస్తుల ముక్క ఒకదాన్ని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంవారు దాచుకున్నారు. అక్కడ కాపురాలు చేసిన కుటుంబాలు మాత్రం వేరే ఇళ్ళు వెతుక్కోవలసి వచ్చింది.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఇది కాస్త బాధపెట్టేది. పూర్వపు యుగొస్లావియాలో యుద్ధ స్మారకాలుగా కట్టిన కాంక్రీటు శిల్పాలు చాలా ఉన్నాయి. యాన్ కెంపెనేర్స్ అనే బెల్జియం ఫోటోగ్రాఫరు వాటిని తీసి 2010లో పుస్తకం వేశాక ప్రపంచమంతా వాటి వెంట పడింది. ఏ గ్రహంనుంచి దిగాయో అన్నట్టుంటాయి మరి! వాటిలాంటిదే క్రొయేషియాలోని యాసెనొవాత్స్ దగ్గర బొగ్దాన్ బొగ్దానోవిచ్ 1966లో కట్టిన పువ్వు. 24 మీటర్ల ఎత్తు కాంక్రీటు పువ్వు, రేకులు విచ్చుకుని ఆకాశంకేసి చూస్తూంటుంది. ఫోటోలో ఎంత బాగుంటుందో! కాని అది నిలబడిన చోటు 1941నుంచి 1945దాకా నిర్బంధ శిబిరం. సెర్బులనీ, యూదులనీ, రోమాలనీ వేలకువేలుగా చంపిన నేల. ఆ సంగతి తెలియకుండా ఆ పువ్వుని డ్రాయింగురూములో సోఫా పైన తగిలించుకుంటే? అది తప్పని నేననను. తెలిసి తగిలించుకోవడం వేరు, సోఫా రంగుకి కలిసిందని తగిలించుకోవడం వేరు.

అత్తగారి ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. గోడకి గోడ బొమ్మ ఎందుకంటే, పూత పుయ్యని గోడ అబద్ధమాడదు. తనని పట్టుకున్న చెక్క గుర్తుని దాచుకోదు. కానీ దాని ఫోటో మటుకు దాచగలదు. ఉక్కనీ, కూలీనీ, చావునీ, కూల్చిన రాత్రినీ అన్నిటినీ ఫ్రేము అవతలికి నెట్టేసి అందాన్నొక్కదాన్నే మన చేతికిస్తుంది. అది మనమే తిరిగి చేర్చుకోవాలి.

అందుకో చిన్న ఉపాయం చెబుతాను. మన పెద్దవాళ్ళు ఫోటో వెనక పెన్సిలుతో పేరూ, ఊరూ, తేదీ రాసి ఉంచేవారు గుర్తుందా? మా ఇంట్లో కూడా మేకుమీంచి ఫ్రేము దింపి వెనక అట్టమీద రాశాం. "హాల్ ఆఫ్ నేషన్స్, ఢిల్లీ. 1972లో కట్టారు. 2017లో కూల్చారు. రాజ్ రేవల్, మహేంద్ర రాజ్" అని మా అమ్మాయి రాస్తూంటే, పక్కనుంచి అత్తగారు, "తట్టలు మోసినవాళ్ళ పేర్లో?" అన్నారు. తెలియవు నాయనమ్మా అంది అది. "అయితే తెలియవనే రాయవే" అన్నారావిడ.

అలాగే రాసింది. మీ ఇంట్లో ఇలాంటి బొమ్మ ఉంటే ఒక్కసారి దింపి వెనక్కి తిప్పి చూడండి. అక్కడ ఏమీ రాసి లేకపోతే ఆ పని ఈ ఆదివారం మీరూ, పిల్లలూ కూర్చుని చెయ్యండి.

ఉంటాను మరి.