ఒప్పుకోలు

కూకట్‌పల్లిలో ‘పీజీ’కి రెండు అర్థాలు. జేఎన్‌టీయూ గేటు దగ్గర అంటే ఎం.టెక్కో, ఎం.ఫార్మసీయో. రోడ్డు దాటి కేపీహెచ్‌బీ కాలనీలో అంటే మూడు పూటల తిండి, వైఫై, ముగ్గురికొక గది. మా ఎదుటి భవనంలో ఉండే అమ్మాయి రెండో రకం పీజీలో ఉంటూ మొదటి రకం పీజీ పూర్తిచేసింది. ఇప్పుడు మందుల పరీక్షలు చేసే ఒక సంస్థలో ఉద్యోగం. అది చాలదన్నట్టు బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో నడిపే వైద్య న్యాయం, నీతి పీజీ డిప్లొమాలో చేరింది. ఆదివారాలు పుస్తకాలు పట్టుకుని మా వరండాలోకి వస్తుంది. నేను ముప్పయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ని. బయోఎథిక్స్‌లో నాకు తెలిసిందంతా ఆమె చలవే.

“మాస్టారూ, ఇన్‌ఫార్మ్‌డ్ కన్సెంట్‌కి మంచి తెలుగు మాట చెప్పండి” అంది ఒక ఆదివారం. చేతిలో ఫారం నమూనా ఉంది. పైన పెద్దక్షరాల్లో ‘సమాచార సహిత సమ్మతి పత్రము’ అని.

“ఇది తెలుగు కాదమ్మా, తెలుగు లిపి” అన్నాను.

అన్నానేగానీ మారు మాట తోచలేదు. వారం పట్టింది.

మన దగ్గర మాటలకు కరువేం లేదు. సమ్మతిలో ఉన్నది ‘మన్’ ధాతువు. దాని అర్థం తలపోయడం. అంటే నలుగురూ కలిసి ఒకేలా తలచడం సమ్మతి. కన్సెంట్‌కు మూలమైన లాటిన్ మాటలో కలిసి అనుభవించడం ఉంది. అక్కడ మనసు, ఇక్కడ బుద్ధి. అనుమతి పైనుంచి కిందికి దిగే మాట. పెద్దలు పిల్లలకిస్తారు, హెడ్మాస్టరు సెలవుకిస్తాడు. పడక మీదున్న రోగి ఆస్పత్రికి అనుమతి ఇస్తున్నాడంటే మన చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆ ఎబ్బెట్టుతనాన్ని పోగొట్టడానికే బయోఎథిక్స్ పుట్టిందేమో. అంగీకారం మరీ చిత్రమైనది. తన అంగం కానిదాన్ని అంగంగా చేసుకోవడం అంగీకారం. ఆపరేషన్ ఫారం మీద ఆ మాట చూసినప్పుడల్లా నాకు నవ్వూ భయమూ కలిసి వస్తాయి.

ఇవన్నీ తెచ్చుకున్నవి. ఇంటి మాట ఒకటుంది. ఒప్పు.

ఈ చిన్న మాట పెట్టిన సంసారం చూడండి. తప్పుకు ఎదురుగా నిలబడితే ఒప్పు. పాత కావ్యాల్లో ఒప్పడమంటే అందంగా ఉండడం, తగి ఉండడం, శోభించడం. ఆడపిల్లలు చేతులు పెనవేసుకుని గిర్రున తిరిగే ఒప్పుల కుప్పలో ఉన్నది ఆ అందమే. ఇద్దరు రాసుకుంటే ఒప్పందం. పిల్లవాడు పాఠం అప్పజెబితే అదీ ఒప్పజెప్పడమే. పెళ్లిలో పిల్లను అత్తవారి చేతుల్లో పెట్టే అప్పగింతలను ఒప్పగింతలు అనేవాళ్లూ ఉన్నారు. దొంగ ఠాణాలో చేసేది నేరం ఒప్పుకోలు. కన్నడంలో సమ్మతిని ఒప్పిగె అంటారు, తమిళంలో ఒప్పుదల్. మూడిళ్లలోనూ ఒకే పొయ్యి.

ఎథిక్స్ అంటే తప్పొప్పుల విచారణ. కన్సెంట్ అంటే ఒప్పుకోవడం. ఇంగ్లీషులో ఈ రెంటికీ చుట్టరికం లేదు, తెలుగులో ఒకే తల్లి బిడ్డలు. అందుకే ఇక్కడొక మోసం పొంచి ఉంది. వాడు ఒప్పుకున్నాడు కాబట్టి అది ఒప్పే అనిపిస్తుంది. డిప్లొమాలో ఆ అమ్మాయి చదివే మొదటి పాఠం సరిగ్గా దీనికి ఎదురు. ఒప్పుకున్నంత మాత్రాన ఒప్పు అయిపోదు, ఒప్పుకోకపోతే మాత్రం ఒప్పు కానే కాదు. 1947లో నాజీ వైద్యుల మీద వచ్చిన న్యూరెంబర్గ్ తీర్పు నుంచి పుట్టిన నియమావళి మొదటి సూత్రం స్వచ్ఛందమైన ఒప్పుకోలే.

ఇంత గొడవ కూకట్‌పల్లిలో ఎందుకంటే దానికో కారణముంది. 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ మందుల కర్మాగారం పక్కనే బాలానగర్‌లో వెలిసింది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు కూడా అక్కడ పనిచేసినవారే. మందుల పరిశ్రమ వెనకే మందుల పరీక్షలు వచ్చాయి. పేటెంటు తీరిన మందును మరొకరు తయారుచేస్తే, అది అసలు మందుతో సమానంగా నెత్తురులోకి చేరుతోందని చూపించాలి. దానికి ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలి. వాళ్లు రెండు మూడు రోజులు లోపలే ఉండి మాత్ర మింగి, గంట గంటకూ రక్తం ఇచ్చి, డబ్బు తీసుకుని వెళతారు. దీన్ని ‘స్టడీ’ అంటారు. ఈ కాలనీలో కొందరు స్టడీ చేస్తుంటారు, కొందరు స్టడీకి పోతుంటారు.

వెళ్లేవాళ్లను ఏమనాలన్నదీ తేలిగ్గా తేలలేదు. భారత వైద్య పరిశోధన మండలి 2000లో ఇచ్చిన మార్గదర్శకాల పేరులో పరిశోధన ‘హ్యూమన్ సబ్జెక్టుల మీద’ జరిగేది. 2006 నాటికి సబ్జెక్టు పోయి పార్టిసిపెంట్ వచ్చాడు. కానీ ‘మీద’ మిగిలింది. 2017 ప్రతిలో ఆ ‘మీద’ కూడా పోయింది. ఇప్పుడు పరిశోధనలో వాళ్లూ భాగస్థులు. ఒక విభక్తి ప్రత్యయం దిగిపోవడానికి పదిహేడేళ్లు పట్టింది. పార్టిసిపెంట్ అంటే లాటిన్‌లో భాగం తీసుకునేవాడు. తెలుగులో పాల్గొనడమంటే పాలు కొనడం, అంటే భాగం తీసుకోవడం. అక్షరం అక్షరం అదే. ఎవరూ ఎవరి దగ్గరా అరువు తెచ్చుకున్నది కాదు.

ఆ ‘కొను’ దగ్గరే అసలు సంగతి ఉంది. వండడం వేరు, వండుకోవడం వేరు. క్రియకు కొను తగిలితే ఆ పని తన కోసం, తనంతట తాను చేసినట్టు. వ్యాకరణం దీన్ని ఆత్మార్థకం అంటుంది. ఒప్పుకొను అలాంటిది. ‘ఇంచు’ తగిలితే ప్రేరణ. ఒప్పించు. ఎంత గొప్ప పట్టా ఉన్నవాడైనా ఫారం పట్టుకుని మనిషి ముందు కూర్చున్నప్పుడు కొను వైపున్నాడా, ఇంచు వైపున్నాడా అన్నదే చూడాలి. కొనడమంటే వెలకు తీసుకోవడం కూడానని మరవొద్దు. అవసరంలో ఉన్నవాడి ముందు పెద్ద మొత్తం పెడితే అతను ఒప్పుకున్నాడా, అతని ఒప్పును మనం కొన్నామా? 2011లో పల్నాడులోని పిడుగురాళ్ల నుంచి హైదరాబాద్‌కు మందుల పరీక్షలకు తెచ్చిన పేద మహిళల గురించి పత్రికల్లో చదివినప్పుడు నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

కొను, ఇంచు రెండూ కానిది మూడోది ఒకటుంది. ఒప్పగించడం. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, సుమారు 14 వేల మందికి, ఒక అధ్యయనంగా వేశారు. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. చాలామంది గిరిజన పిల్లలు, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. కొన్ని మరణాల వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాకు సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ తేల్చింది. తేలనిది మరొకటి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఫారాల లెక్క పెట్టింది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 9,543 ఫారాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 ఫారాల మీద ఉన్నవి హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

వార్డెన్లను తిట్టి ఊరుకోవడం తేలిక. కానీ జూన్‌లో పిల్లను హాస్టల్లో దింపే తండ్రి ఏమంటాడో నాకు తెలుసు. నా బడిలో ఏటా విన్నాను. “మీకు ఒప్పజెబుతున్నాం సారూ, ఇక మీదే భారం.” ఆ మాటను వార్డెన్ నమ్మాడు. భోజనానికి, చదువుకు, జ్వరానికి ఒప్పజెప్పిన బిడ్డను సూదికి కూడా ఒప్పజెప్పినట్టే అనుకున్నాడు. మన భాషలో ఒప్పజెప్పడానికీ ఒప్పుకోవడానికీ మధ్య గోడ పలచన. చట్టంలో ఆ గోడ చాలా మందం. ఈ తేడా తెలియజెప్పాల్సిన చదువుకున్నవాళ్లు దాన్ని వాడుకున్నారన్నదే నా ఫిర్యాదు.

పిల్లల ఒప్పుకోలుకు ఇంగ్లీషు వేరే మాట పెట్టుకుంది, అసెంట్. తల్లిదండ్రులు ఒప్పుకున్నా, ఏడేళ్లు దాటిన పిల్లను కూడా అడగాలని 2017 మార్గదర్శకాలు చెబుతాయి. దీనికి తెలుగేమిటని ఆ అమ్మాయి అడిగితే ‘ఊఁ కొట్టడం’ అన్నాను నవ్వుతూ. తర్వాత నవ్వు ఆగిపోయింది. కథ వినే పిల్ల ఊఁ కొట్టేది వింటున్నానని చెప్పడానికి, సరేనని కాదు. నిద్రలోకి జారుతూ కూడా ఊఁ అంటుంది. మౌనం అర్ధాంగీకారమనే సామెత మనదే. సంతకాల దగ్గర ఆ సామెతను పక్కన పెట్టాలి.

చివరికి నేను ఇచ్చిన పేరు ‘తెలిసి ఒప్పుకోలు’. ఆ అమ్మాయి సంస్థ పద్ధతిలో తెలుగు ఫారాన్ని వేరొకరి చేత తిరిగి ఇంగ్లీషులోకి పెట్టించి, మొదటిదానితో పోల్చి చూస్తారు. ఆ అనువాదకుడెవరో దాన్ని ‘కన్ఫెషన్ విత్ నాలెడ్జ్’ అన్నాడట. ఏ నేరం ఒప్పుకుంటున్నారని పైనుంచి ప్రశ్న వచ్చింది. నా మాట కొట్టేసి ‘అంగీకార పత్రం’ అని పెట్టారు. పెట్టనివ్వండి. నా ఓటు మాత్రం ఒప్పుకోలుకే. ఫారం తెచ్చినవాడికి వరండాలో కూర్చున్న ముసలమ్మ “నేనొప్పుకోను” అంటుంది. “నేను సమ్మతించను” అని ఏ ముసలమ్మా అనగా వినలేదు. వద్దనడానికి పనికిరాని మాట అవుననడానికి మాత్రం ఎలా పనికొస్తుంది?

ఒక్క వాక్యం దగ్గర నా మాట నిలిచింది. ఒప్పుకున్నవారు మధ్యలో మానేయవచ్చు, అందుకు శిక్షా నష్టమూ ఉండవని నియమం. తెలుగులో అది తప్పుకోవడం. ఒప్పుకొను, తప్పుకొను. రెంటిలోనూ కొను ఉంది, రెండూ తనంతట తాను చేసేవే. చిక్కల్లా ముందున్న ‘తప్పు’తో. ఒప్పుకున్న మాట తప్పితే మనకు తలవంపులు. డబ్బు తీసుకుని, అన్నం తిని తప్పుకుంటే ఇంకా తలవంపులు. సూది భయమై, కళ్లు తిరిగి కూడా నోరు విప్పనివాళ్లున్నారని ఆ అమ్మాయే చెప్పింది. అందుకని నియమానికి మూడు మాటలు చేర్పించాను. “మీరు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, అది తప్పు కాదు.”

ఆ వాక్యం ఇప్పుడు వాళ్ల ఫారంలో పదకొండో పేజీలో ఉంది. మొదటి పేజీకి తెమ్మని పోరుతున్నాను. మీ చేతికెప్పుడైనా అలాంటి ఫారం వస్తే, సంతకం చేసే చోటు కంటే ముందు ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి.