ప్రిస్క్రైబింగ్ సేఫ్టీ అసెస్‌మెంట్

కొత్త డాక్టర్లు మందులు సురక్షితంగా రాయగలరో లేదో తేల్చే బ్రిటన్ పరీక్ష ఇది. 2 గంటలు, 60 ప్రశ్నలు, 200 మార్కులు. మందుల వివరాలిచ్చే బ్రిటిష్ నేషనల్ ఫార్ములరీ పుస్తకం దగ్గర పెట్టుకోవచ్చు. చూసి రాసే పరీక్షకు శిక్షణ ఎందుకన్న అభ్యంతరం నిలవదు. కీళ్లవాతానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకునే రోగికి మూత్రంలో ఇన్ఫెక్షన్ అని ట్రైమెథోప్రిమ్ రాస్తే ఎముక మజ్జ దెబ్బతినవచ్చు. అనుమానమే రానివారు పుస్తకం తెరవరు. ఆ అనుమానం మాక్ టెస్టులతోనే అలవడదు, వార్డులో తాము నింపిన మందుల చార్టును ఫార్మసిస్టు దిద్ది కారణం చెప్పినప్పుడు అలవడుతుంది. మందులు రాయడంలో తప్పులపై 2009 నాటి ఈక్విప్ అధ్యయనంలో మొదటి ఏడాది డాక్టర్లు రాసిన మందుల్లో తప్పులు 8.4 శాతం, రెండో ఏడాదివారు రాసినవాటిలో 10.3 శాతం. అనుభవంతో అన్నీ సర్దుకుంటాయన్న భరోసాకు ఈ లెక్క ఆస్కారమివ్వదు. ఫెయిలైనవారికే కాదు, పాసైనవారికీ ఆ దిద్దుబాటు రెండో ఏడాది దాకా అందాలి.