నెల జీతం, మిగిలిన పొద్దు

విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల మధ్యతరగతి ఇళ్లలోకి నెల తిరిగేసరికి చేతికందే జీతం, వయసు మళ్లాక పింఛను అనే ఏర్పాటు 19వ శతాబ్దం రెండో సగంలో బలపడింది. 1802 నాటి శాశ్వత శిస్తు పద్ధతి ఉత్తర సర్కారుల్లో జమీందారీలను స్థిరపరిచింది. వాటిలో విజయనగరం సంస్థానం అన్నిటికన్నా పెద్దది. దాని చుట్టూ బొబ్బిలి, పర్లాకిమిడి వంటి సంస్థానాలుండేవి. చదువుకున్న కుర్రాడికి రెండు దారులు కనిపించేవి. మొదటిది సర్కారు కచేరీ. అక్కడ గుమాస్తాగా చేరినవాడు హెడ్డు గుమాస్తా అయి, అదృష్టం కలిసొస్తే తాసిల్దారు దాకా పోవచ్చు, కానీ బదిలీలు తప్పవు. రెండోది సంస్థానం కొలువు, లేదా సంస్థానం నడిపే బడి. ఎదగడానికి మెట్లు తక్కువ, పైగా ప్రభువు దయ మీద ఆధారపడాలి. అయితే ఊరు వదలనక్కర్లేదు. విజయనగరంలో మహారాజా పాఠశాల 1857లో మొదలై 1879లో కళాశాల స్థాయికి రావడంతో ఈ రెండో దారి కాస్త వెడల్పయింది.

చదువుకున్నవాళ్లు ఆ రెంటిలో దేన్ని పట్టుకున్నారు, పట్టుకున్నాక కొలువు మిగిల్చిన పొద్దుతో ఏం చేశారు అన్నదాని మీదే ఈ ప్రాంతపు సాహిత్యం, భాషా పరిశోధన, సంగీతం చాలావరకు నిలబడ్డాయి.

గురజాడ అప్పారావు 1884లో విజయనగరం మహారాజా ఉన్నత పాఠశాలలో 25 రూపాయల జీతానికి ఉపాధ్యాయుడిగా చేరారు. 1886లో బి.ఏ. పూర్తిచేసి డిప్యూటీ కలెక్టరు కచేరీలో హెడ్డు గుమాస్తా అయ్యారు. రెవెన్యూ శాఖలో పైకి పోవడానికి ఇది మంచి మెట్టు. ఆయన అందులో నిలవలేదు. మరుసటి ఏడే మహారాజా కళాశాలకు అధ్యాపకుడిగా వచ్చేశారు. 1891లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి ఆయన్ను సంస్థాన శాసన పరిశోధకుడిగా నియమించారు. 1892లో ‘కన్యాశుల్కం’ విజయనగరంలో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది. అదే ఏడు ఆనంద గజపతి మరణించారు. అప్పటి నుంచి గురజాడ ఆ మహారాజు సోదరి, రీవా మహారాణి అప్పల కొండయాంబకు ఆంతరంగిక కార్యదర్శిగా పనిచేశారు.

ఆ కార్యదర్శి పని తేలికైనది కాదు. సంస్థాన వారసత్వం మీద సాగిన వ్యాజ్యంలో కాగితాలు, వకీళ్లు, మద్రాసు ప్రయాణాలు ఏళ్ల తరబడి ఆయన కాలాన్ని తినేశాయి. ఒంట్లో బాగుండక నీలగిరిలో విశ్రాంతి తీసుకుంటున్న రోజుల్లో, 1909లో, ఆయన కన్యాశుల్కాన్ని తిరగరాశారు. తెలుగు పాఠకులు ఇవాళ చదువుతున్నది ఆ రెండో కూర్పునే. 1910లో ‘ముత్యాల సరాలు’ వచ్చాయి. కొలువు తీరిక ఇవ్వకపోతే జబ్బు ఇచ్చిందన్నమాట, అది తలుచుకుంటే బాధ కలుగుతుంది. 1913లో ఉద్యోగ విరమణ చేసిన గురజాడ, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వ్యావహారిక భాష పక్షాన తన అసమ్మతి పత్రం సమర్పించి, 1915 నవంబరు 30న కన్నుమూశారు. పింఛను కాలం మూడేళ్లయినా నిండలేదు.

విజయనగరం బడిలో ఆయనతో కలిసి చదువుకున్న గిడుగు వెంకట రామమూర్తి కథ వేరుగా నడిచింది. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగుకు చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఇంటి భారం కోసం 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి చేరారు. పై చదువులన్నీ ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా పూర్తిచేసినవే. పర్లాకిమిడికి ఆనుకుని ఉన్న కొండల్లో సవరలుంటారు. బడి వదిలాక, సెలవుల్లో, గిడుగు వాళ్ల భాష నేర్చుకున్నారు. అప్పటికి దానికి లిపి లేదు, వ్యాకరణం లేదు, నేర్పే పుస్తకం లేదు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట వింటూ రాసుకున్నారు. సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడం కూడా అదే తీరికలో అబ్బిన విద్య.

దీనికి ఆయన చెల్లించింది తక్కువేమీ కాదు. కొండల్లో తిరిగినందుకు మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి పోయింది. చెవులతో భాష పట్టుకోవలసిన మనిషికి చెవులే పోవడం ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు. అయినా పని ఆగలేదు. 1911లో ఉద్యోగ విరమణ చేశాక ఆయనకు దాదాపు 29 ఏళ్ల ఆయుష్షు మిగిలింది. వ్యావహారిక భాషోద్యమం ముమ్మరంగా సాగింది ఆ పింఛను కాలంలోనే. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. 1931లో సవర వ్యాకరణం వచ్చింది, తర్వాత కోశం వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, అర్ధ శతాబ్దానికి పైగా బతికిన ఊరు వదిలి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. గురజాడకు దొరకని కాలం గిడుగుకు దొరికింది. భద్రమైన కొలువు విలువ జీతంలో ఎంతో ఆ తర్వాతి పింఛనులోనూ అంతే అనడానికి ఈ ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఇదే విజయనగరంలో కొలువును కాదని బయటికి దూకినవాళ్లూ ఉన్నారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు మద్రాసులో వ్యాయామ శిక్షణ పొంది వచ్చి, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యారు. మిత్రుడు పొట్టి పంతులు ప్రోత్సాహంతో ఆ ఉద్యోగం వదిలి సర్కస్ కంపెనీ పెట్టారు. ఛాతీ మీద ఏనుగును నిలుపుకోవడం, ఒంటికి చుట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంచడం వంటి ప్రదర్శనలతో దేశమంతా తిరిగారు. ‘కలియుగ భీముడు’ అన్న పేరు ఆయనకు స్థిరపడింది. వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉండిపోతే ఆ పేరు ఊరి పొలిమేర దాటేది కాదు. కానీ అంత సంపాదనా నిలవలేదు. 1942లో సొంత ఊరికి దూరంగా ఒరిస్సాలోని బలంగీర్‌లో ఆయన జీవితం ముగిసింది.

సంగీతంలో లెక్క మరోలా ఉండేది. కచేరీ చేసుకుని బతికే విద్వాంసుడికి నెల జీతమనేది ఉండేది కాదు. పిలిచిన ఊరికి పోవడం, ఇచ్చింది పుచ్చుకోవడమే. ఈ ప్రాంతపు అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథ చెబుతూ ఊరూరా అలాగే తిరిగారు. 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టి, ఆయన్ను అధ్యక్షుడిగా కూర్చోబెట్టారు. చాగంటి గంగబాబు అనే చూపులేని కుర్రాడికి సంగీతం నేర్పించాలన్న ఆలోచన దాని పుట్టుకకు కారణమని విజయనగరంలో చెప్పుకుంటారు. మనుషుల కొలువు ఒల్లనన్న దాసు, కళాశాలకు శ్రీరాముడి పేరు కలిసి ఉండటం వల్లే ఒప్పుకున్నారన్న కథ కూడా ప్రచారంలో ఉంది. అదే ఏడు ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ ఆచార్యుడిగా చేరారు. 1936లో దాసు తర్వాత ఆయనే అధ్యక్షులయ్యారు. జీతం ఉండటం వల్ల ద్వారం కచేరీలు మానలేదు. కచేరీ దొరకని నెలలో పస్తు ఉండనక్కర్లేదు, అంతే తేడా. ఆ కాస్త తేడాతో ఒక తరం శిష్యులు తయారయ్యారు. అదే కళాశాలలో గాత్రం నేర్పిన సాలూరు పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పాట నేర్చుకోవడానికి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు విజయనగరం వీధుల్లో మధుకరం ఎత్తుకుని చదువుకున్నారు. గురువుకు జీతం ఉంది, శిష్యుడికి పూట గడవడమే కష్టం. ఊరు పెట్టిన ముద్దే ఆ శిష్యుణ్ణి నిలిపింది.

ఇదంతా అక్షరం, స్వరం వచ్చిన కొద్దిమంది సంగతి. పొలం పనికి పుట్టినవాళ్లకు కొలువు అనేది వేరే అర్థంలో వచ్చింది. ఈ జిల్లాల్లో ఏడాది పొడుగునా ఒక రైతు ఇంట కట్టుబడి పనిచేసే మనిషిని కంబారి అంటారు. కంబారికి తిండి గింజలకు లోటు ఉండదు, పని పోతుందన్న బెంగ ఉండదు. ముందుగా తీసుకున్న అప్పు ఉంటుంది, అది తీరదు. తెల్లవారుజామున పశువుల పాకలో మొదలైన రోజు చీకటి పడ్డాక గాని ముగియదు. ఇంతటి భద్రతలో మనిషికి తనదంటూ పూట మిగలదు.

ఆ కట్టుబడిని తప్పించుకోవడానికి దొరికిన మొదటి దారి సముద్రం. భీమునిపట్నం, కళింగపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి కూలీలు ఓడెక్కి రంగూన్ పోయేవారు. ఇళ్లలో దాన్ని ‘రంగం’ అనేవాళ్లు. అక్కడ ధాన్యం మిల్లుల్లో కోతల తర్వాతి నెలల్లో పని జోరుగా ఉండేది. ఓడరేవులో మూటల పని, ఊళ్లో రిక్షాలు, పడవలు ఉండేవి. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయి, కూలిలో పట్టుకునేవాడు. సంపాదించి, రెండు మూడేళ్లకు ఇంటికొచ్చి, అప్పు తీర్చి, పెళ్లో ఇల్లో చూసుకుని మళ్లీ ఓడెక్కడం అలవాటైన బతుకు. పోయేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ కాబట్టి పొలం, పిల్లలు, ముసలివాళ్లు ఇంటి ఆడవాళ్ల మీద పడేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు, వాళ్లలో తెలుగువాళ్లు లక్షకు పైనే. రంగూన్ నగర జనంలో సగానికి పైగా భారతీయులే.

అక్కడ భద్రత ఎంత పలచనో 1930 మే నెలలో తేలింది. రేవులో తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను పెట్టుకున్నాయి, సమ్మె ముగియగానే ఆ బర్మావాళ్లను వెళ్లగొట్టాయి. దాంతో మొదలైన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు భారతీయులు. 1942లో జపాను సేనలు వచ్చిపడ్డప్పుడు లక్షలాది జనం కొండలు, అడవులు దాటి కాలినడకన వెనక్కి బయల్దేరారు, దారిలోనే పోయినవాళ్లు ఎందరో. మిగిలినవాళ్లలో చాలామంది 1960ల్లో నె విన్ ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట పేరు ఆ తిరుగు ప్రయాణం నుంచి వచ్చిందే.

రంగం కన్నా దగ్గరగా, గట్టిగా ఉన్నది రైలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో కార్ఖానా పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వందల కుటుంబాలు అక్కడికి చేరాయి. ఇవాళ్టికీ ఆ ఊళ్లో తెలుగు పేటలు, తెలుగు బడులు ఉన్నాయి. పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు, వాటితో పాటు పాసు. పాసు ఉంటే పండగకు ఇంటికి రావచ్చు, అమ్మవారి సంబరానికి రావచ్చు. దూరదేశపు కూలికి లేనిది, రైలు కార్మికుడికి ఉన్నది ఆ రాకపోకలే. భార్యాబిడ్డలు కూడా అతని వెంటే ఉన్నారు.

ఊరు వదలకుండా జీతం దొరికే మూడో దారి జూటు మిల్లు. ఈ సీమలో గోగునార పంట ఎప్పటి నుంచో ఉంది, భీమునిపట్నం నారకు పరదేశాల్లో పేరుండేది. నెల్లిమర్ల, చిట్టివలస మిల్లుల్లోకి చుట్టుపక్కల పల్లెల జనం షిఫ్టులకు వచ్చి పోయేవారు. ఎకరమో అరెకరమో పొలం ఉన్నవాళ్లు షిఫ్టు దిగి పొలానికి పోయేవారు. ఇంట్లో నిద్ర, మిల్లులో జీతం. చాలా కుటుంబాలకు ఇంతకు మించిన ఏర్పాటు తెలియదు. కానీ గోనె సంచికి ప్లాస్టిక్ సంచి పోటీ వచ్చాక మిల్లులకు తరచు లాకౌట్లు తప్పలేదు. నెల్లిమర్లలో మిల్లు మూతపడి ఆకలితో రోడ్డెక్కిన కార్మికుల మీద 1994 జనవరిలో పోలీసులు కాల్పులు జరిపితే కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. భద్రత అనుకున్నది గేటుకు వేలాడదీసిన ఒక్క నోటీసుతో ఎలా తెగిపోతుందో ఈ రెండు ఊళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

కంబారి బతుకును, బడిపంతులు తీరికను ఒకచోట కలిపిన పేరు కాళీపట్నం రామారావు. 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన ఆయన, విశాఖపట్నం సెయింట్ ఆంథొనీ ఉన్నత పాఠశాలలో 1948 నుంచి 1979 దాకా, 31 ఏళ్లు ఉపాధ్యాయుడిగా ఉండిపోయారు. 1960ల్లో వెలువడిన ‘యజ్ఞం’ కథలో అప్పల్రాముడి అప్పు, దాని కోసం కొడుకులు కంబార్లు కావలసిన పరిస్థితి నడుమ ఉంటాయి. ఆ అప్పు మీద వాయిదా పడుతూ వచ్చిన ఊరి పంచాయితీ తీర్పు చివరికి అతని కొడుకు సీతారాముడు కన్నబిడ్డనే చంపుకోవడం దాకా పోతుంది. కట్టుబడి కొలువు మనిషికి ఏం చేస్తుందో ఇంత తీవ్రంగా చెప్పిన కథ తెలుగులో మరొకటి లేదు. రామారావు రాసింది కొద్దే, ఆ కొద్దీ బడి మిగిల్చిన వేళల్లో రాసినదే. పింఛను కాలంలో ఆయన ఇతరుల కథలు సేకరించే పనిలో పడ్డారు. 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరుచుకుంది. అవార్డుల రూపంలో వచ్చిన డబ్బును ఆయన దానికే పెట్టారు. 2021 జూన్ 4న ఆయన మరణించారు.

ఇక తీరం వెంబడి ఓడల వలస వేరే రూపంలో కొనసాగుతోంది. సుమారు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉన్న శ్రీకాకుళం జిల్లాలో మరపడవలు నిలిపే హార్బరు లేదు. జాలర్లు అడ్వాన్సు పుచ్చుకుని గుజరాత్‌లోని వెరావల్‌కు పోయి, వానాకాలం ముగిసింది మొదలు వేసవి దాకా పడవల మీదే ఉంటారు. 2018 నవంబరులో శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు పాకిస్తాన్ జలాల్లోకి పోయారని పట్టుబడి కరాచీ జైలు పాలయ్యారు. వాళ్లలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర విడుదలయ్యారు. పదమూడు నెలలు ఇళ్లల్లో సంపాదనా లేదు, మనిషీ లేడు. అప్పటి నుంచి జాలరి పేటల్లో వినిపిస్తున్న కోరిక ఒకటే, సొంత తీరంలో పడవ నిలిపే చోటు. బుడగట్లపాలెంలో చేపల రేవు కట్టాలన్న నిర్ణయం, 2023 ఏప్రిల్‌లో మూలపేట ఓడరేవుకు జరిగిన శంకుస్థాపన ఆ కోరికకు దొరికిన జవాబులు.